గొయ్యి పూడ్చకముందే: ఇంధన ట్యాంకు తీసిన చోట మట్టి పరీక్ష

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

భూమిలో పాతిన పెట్రోల్ ట్యాంకో డీజిల్ ట్యాంకో తవ్వి తీయించినవాళ్లు తర్వాత నన్ను అడిగేది దాదాపు ఒకటే. "రిపోర్టు క్లీన్‌గా వచ్చిందండీ, ఇక టెన్షన్ లేదు కదా?" అంటారు. సంతోషం అంటాను. ఆ వెంటనే, "ఆ మట్టి గోతిలో ఏ మూల నుంచి తీశారు? ఎంత లోతులో?" అని అడుగుతాను. చాలాసార్లు వచ్చే జవాబు, "అదంతా అక్కడ పనిచేసినవాళ్లు చూసుకున్నారండీ."

ఇబ్బంది అక్కడే ఉంది. ల్యాబ్ రిపోర్టు మీ స్థలం గురించి ఏమీ చెప్పదు. ల్యాబ్‌కు చేరిన సీసాలోని ఐదు గ్రాముల మట్టి గురించి చెబుతుంది, అంతే. పెట్రోల్‌లో ఉండే బెంజీన్ అనే విష రసాయనం వంద కోట్ల వంతుల్లో ఒక వంతు ఉన్నా ఇవాళ్టి యంత్రాలు పట్టేస్తాయి. కానీ ఆ ఐదు గ్రాములు లీకు జరిగిన చోటివో, పది అడుగుల అవతలి శుభ్రమైన మట్టివో యంత్రానికి తెలిసే దారి లేదు. అందుకే ఈ ఉపన్యాసంలో ఎక్కువసేపు గోతి దగ్గరే ఉంటాను. ల్యాబ్‌లోకి చివర్లో వెళ్దాం.

ట్యాంకు పైకి తీశాక గొయ్యి తెరిచి ఉండేది కొద్దిసేపే. యంత్రానికి గంటల లెక్కన అద్దె నడుస్తుంటుంది. మబ్బు పట్టిందంటే కాంట్రాక్టర్‌కు కంగారు. గోడలు విరిగిపడతాయేమోనన్న భయం. ఎప్పుడు పూడ్చేద్దామా అన్నట్టే ఉంటారు అందరూ. ఆ కొద్ది గంటల్లో కంటికి కనబడేది, చేతికి దొరికేది, పూడ్చాక మళ్లీ దొరకాలంటే డ్రిల్లింగ్ యంత్రం తెచ్చుకోవాలి. అప్పుడు కూడా సన్నటి రంధ్రంలోంచి చూడటమే.

ముందు, లీకు ఎక్కడ అవుతుందో చూద్దాం. ట్యాంకు అడుగున పెద్ద చిల్లు పడి ఉంటుందని చాలామంది ఊహించుకుంటారు. అలాంటివీ ఉంటాయి. అయితే పైపులు, వాటి జాయింట్లు, ఇంధనం నింపేటప్పుడు పొంగిపోయినవి, ఇవి చేసే నష్టం తక్కువది కాదు. ట్యాంకును పైకెత్తినప్పుడు అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. అది చెక్కుచెదరకుండా కనబడితే "లీకేమీ లేదు" అని ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం పైపులు పోయిన దారి వెంట నడుస్తాను. పంపు అంటామే, ఆ డిస్పెన్సర్ కింద చూస్తాను. ఇంధనం నింపే పైపు చుట్టూ చూస్తాను.

నింపే పైపు గురించి ఒక మాట. రోజూ సరుకు ఎంతుందో కొలవడానికి అందులోంచే డిప్ రాడ్ దింపుతారు. అది ప్రతిసారీ ట్యాంకు అడుగున ఒకే చోట తగులుతుంది. ఏళ్ల తరబడి తగిలీ తగిలీ అక్కడ ఇనుము అరిగిపోతుంది. అందుకే ఆ పైపుకు సూటిగా కింద ఒక మందపాటి పలకను అతికించడం మొదలుపెట్టారు. పాత ట్యాంకుల్లో ఆ పలక ఉండకపోవచ్చు. ఇంకోటి, ట్యాంకులోకి ఎలాగోలా కొంత నీరు చేరుతుంది. ఇంధనం కన్నా నీరు బరువు కనక అడుక్కి దిగుతుంది. ట్యాంకు ఏ వైపు కొంచెం వాలి ఉందో అక్కడ నిలుస్తుంది. నీరు, ఇంధనం కలిసే ఆ సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి, ఇనుము లోపలినుంచి తినేయడం మొదలవుతుంది. కాబట్టి నింపే పైపు ఉన్న కొస, వాలు ఉన్న కొస, ఈ రెండింటి కింద మట్టి తీయకుండా ఎవరైనా "నడిమధ్య ఒక శాంపిల్ తీశాం" అంటే నేను ఒప్పుకోను.

లీకు చిన్నదైతే పర్లేదు అనుకునేవాళ్లకు ఒక లెక్క. సెకనుకు ఒక చుక్క అనుకోండి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు, ఏడాదికి దాదాపు 1,580 లీటర్లు. వేల లీటర్లు వచ్చిపోయే ట్యాంకులో రోజుకు నాలుగు లీటర్ల తేడాను డిప్ రాడ్ చూపించదు. ఎండకు ఇంధనం వ్యాకోచించినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మట్టిలోకి కారిన ఇంధనం ఎటు పోతుంది?

ఇసుకలో అయితే దాదాపు నిలువుగా దిగిపోతుంది. దారిలో ప్రతి రేణువుకూ కొంత అంటుకుంటూ పోతుంది. బంకమట్టి పొర అడ్డొస్తే దాని మీద పక్కకు పాకుతుంది. ఆ పొర ఎటు వాలి ఉంటే అటు. బంకమట్టిలో ఎండకు పడ్డ పగుళ్లో, పాత వేళ్లు కుళ్లిపోయిన దారులో ఉంటే వాటిలోంచి జారిపోతుంది, పక్కనే జానెడు దూరంలో మట్టి శుభ్రంగా ఉంటుంది. చివరికి భూగర్భజలం దాకా చేరిందంటే, పెట్రోలూ డీజిలూ నీటికన్నా తేలిక కనక పైన తేలతాయి. పెట్రోల్ సాంద్రత నీటిలో ముప్పాతిక వంతు, డీజిల్‌ది కాస్త ఎక్కువ.

నీటిమట్టం ఏడాది పొడవునా ఒకేచోట ఉండదు. వానాకాలం పైకొస్తుంది, వేసవిలో దిగుతుంది. దాంతోపాటు తేలుతున్న ఇంధనమూ ఎక్కుతూ దిగుతూ, ఆ మధ్యనున్న మట్టి మొత్తానికీ పట్టేస్తుంది. దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, నీరు పైకొచ్చి ఉన్న కాలంలో మీరు గొయ్యి తవ్వితే, అసలు పాడైన పొర నీటి కింద దాక్కుని ఉంటుంది. మీరు నీటికి పైన మట్టి తీసి శుభ్రం అనుకుంటారు. అందుకని గోతిలో నీరు కనబడితే, నీటికి సరిగ్గా పైన తేమగా ఉన్న పొర నుంచి గోడల మట్టి తీయాలి. ఆ నీటిని కూడా విడిగా పరీక్షకు పంపాలి. అక్కడితో వదిలేయకుండా తర్వాత భూగర్భజలాన్ని గమనిస్తూ ఉండటానికి పర్యవేక్షణ బావి ఒకటి వేసుకోవాలి.

గోతి గురించి ఇంకో కీలకమైన సంగతి ఉంది. ట్యాంకు దింపేటప్పుడు దాని చుట్టూ ఇసుకో సన్నటి గులకరాళ్లో నింపుతారు. చుట్టూ ఉన్న సహజమైన నేల బంకమట్టి అయితే, ఆ గొయ్యి నీళ్ల తొట్టిలాగా తయారవుతుంది. వాననీరు లోపలికి దిగుతుంది, బయటికి పోలేదు. లీకైన ఇంధనం ఆ నీటి మీద తేలుతూ తొట్టి అంచుల దాకా పరుచుకుంటుంది. అప్పుడు అడుగున ఉన్న మట్టి పెద్దగా పాడవ్వదు. పాడయ్యేది గోడలు, అదీ ఒక ఎత్తులో. గోడ మీద చుట్టూ ఒక చార కనిపిస్తుంది, నల్లగానో, బూడిద రంగులోనో. అడుగునే రెండు శాంపిళ్లు తీసి వెళ్లిపోయినవాళ్లు దాన్ని పూర్తిగా గమనించకుండా పోతారు.

అలాగే, ట్యాంకు చుట్టూ నింపిన ఇసుకను కాకుండా, దాని అవతలి సహజ నేలను పరీక్షించాలి. గులకరాళ్లలో ఇంధనం నిలవదు, దాటిపోతుంది. రాళ్లు శుభ్రంగా ఉన్నాయంటే అర్థం ఇంధనం లేదని కాదు, అది అక్కడ ఆగలేదని. అడుగున నింపుడు పొరను దాటి, సహజ నేలలోకి ఒక అడుగు, రెండడుగులు వెళ్లాక అక్కడ తీయండి. పైపులు వేసిన కాలువల్లోనూ ఇదే వదులు మట్టి ఉంటుంది. ఇంధనం ఆ కాలువ దారి పట్టుకుని ఎక్కడికో పోవచ్చు. నీటి పైపులు, డ్రైనేజీ, కరెంటు కేబుళ్లు వేసిన దారులు కూడా అంతే. గోతి గోడలో అలాంటి కాలువ తెగి కనబడితే అక్కడొక శాంపిల్ తప్పనిసరి.

ఎన్ని తీయాలి అని అడుగుతారు. సంఖ్య మీ ప్రాంతంలోని నియమాలను బట్టి ఉంటుంది, తీసే ముందే సంబంధిత అధికారులను కనుక్కోండి. కానీ సంఖ్యకన్నా పైన ఒక సూత్రం ఉంది. అమెరికాలో భూగర్భ ట్యాంకుల మీద 1984లో చట్టం తెచ్చి, 1988లో వివరమైన నియమాలు చేశారు. అందులో ట్యాంకు మూసేటప్పుడు ఎక్కడ కొలవాలి అన్నదానికి ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. కాలుష్యం ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో అక్కడ కొలవమన్నారు. గణాంకశాస్త్రం చదువుకున్న పిల్లలకు ఇది మింగుడుపడదు. వాళ్లకు యాదృచ్ఛికంగా తీయడం, సగటు కట్టడం నేర్పి ఉంటారు. ఇక్కడ సగటు ఎవరికీ అక్కర్లేదు. గోతిలో అన్నిటికన్నా చెడ్డ చోటు ఏదో వెతుక్కుని, సరిగ్గా దానిమీదే చెయ్యి పెట్టాలి. అక్కడ బాగుంటే మిగతా చోట్ల బాగుందని నమ్మొచ్చు. తిరగేసి చెప్పలేం.

మామూలుగా నేనైతే ప్రతి ట్యాంకుకూ రెండు కొసల కింద, పెద్ద ట్యాంకైతే మధ్యలో కూడా, నాలుగు గోడల మీద అనుమానం ఉన్న ఎత్తులో, పైపుల దారి వెంట కొన్ని గజాలకు ఒకటి, ప్రతి జాయింటు కింద, ప్రతి డిస్పెన్సర్ కింద తీయిస్తాను. తవ్విపోసిన మట్టి గుట్టకు వేరే. ఆ గుట్టను ప్లాస్టిక్ పట్టా మీద పోసి, పైన ఇంకో పట్టా కప్పాలి. వానకు తడిసి కిందికి కారితే శుభ్రంగా ఉన్న నేలను కూడా మనమే పాడుచేసినట్టవుతుంది. వాసన వచ్చే మట్టినీ రానిదాన్నీ రెండు గుట్టలుగా వేయించండి. అంతా కలిపేస్తే మొత్తం పాడైన మట్టి కిందే లెక్క, దాన్ని వదిలించుకునే ఖర్చూ అలాగే ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగి ప్రాణాల సంగతి చెప్పాలి. గోతిలోకి మనిషి దిగకూడదు. మట్టి తీయడానికైనా సరే. గోడలు కూలడం ఒక ప్రమాదం, ఆవిరి ఇంకోటి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. గోతి అడుగున చేరి కదలకుండా ఉంటుంది. గాలిలో అది దాదాపు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఖాళీ ట్యాంకును చూసి ధైర్యపడొద్దు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు. ఖాళీ చేసిన ట్యాంకులో మిగిలిన అడుగుబొడుగు ఆవిరైపోయి, గాలితో కలిసి, పేలడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే పైకెత్తే ముందు లోపల డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేసో నైట్రోజన్ పంపో ఆక్సిజన్‌ను తరిమేస్తారు. ఆ వాయువులు గోతిలోకి దిగితే మనిషికి కూడా ఊపిరాడదు, అది మర్చిపోకండి. ఇంధనం వాసన వస్తున్న గోతి గట్టున బీడీ వెలిగించే మహానుభావులు అక్కడక్కడా ఉంటారు, వాళ్లను మర్యాదగా దూరం తీసుకెళ్లండి. (సభలో నవ్వులు)

మరి మట్టి ఎలా తీయాలి? ఎక్స్‌కవేటర్ బకెట్‌తో. మీకు కావలసిన చోటు గట్టుమీంచి చూపించండి. బకెట్ అక్కడ ఒక పెళ్ల పెకలించి పైకి తెస్తుంది. బకెట్ నేలమీద ఆగాక, పైపొర చెక్కేసి, ఇనుముకు తగలని మధ్యభాగం నుంచి తీసుకోండి. ఇందులో ఆలస్యం పనికిరాదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను, ఎక్కువ శాంపిళ్లు చెడిపోయేది ఈ ఘట్టంలోనే.

పెట్రోల్‌లో ఉండే బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ అనే నాలుగింటినీ కలిపి బీటెక్స్ అంటాం. ఇవి గాలి తగిలితే ఎగిరిపోతాయి. మట్టిని విడగొట్టి, చిదిపి, సంచిలో పోసి, చెంచాతో తీసి సీసాలో నింపేసరికి అందులో ఉన్నదాంట్లో పెద్ద భాగం గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఒకప్పుడు అందరూ గాజు జాడీలో నిండా మట్టి కూరి ఐస్‌లో పెట్టి పంపేవాళ్లు. ల్యాబ్‌లో ఆ మూత తీసినప్పుడు ఇంకొంత పోయేది. ఇలా పోతున్నది ఎంతో తెలిసొచ్చాకే పద్ధతి మార్చారు. అమెరికా పర్యావరణ సంస్థ 5035 అనే నంబరుతో ఇచ్చిన పద్ధతిని ఇప్పుడు చాలాచోట్ల పాటిస్తున్నారు. కొస కోసేసిన సిరంజిలాంటి చిన్న గొట్టాన్ని మట్టిలోకి గుచ్చి, ఐదు గ్రాముల ముద్దను చెదరకుండా తీసి, ముందే తూచిపెట్టిన మిథనాల్ ఉన్న సీసాలో వేసి, వెంటనే మూత బిగించాలి. మిథనాల్ ఆ రసాయనాలను తనలో కరిగించి పట్టి ఉంచుతుంది. మూత బిగించేముందు సీసా అంచున ఇసుక రేణువులేవైనా ఉంటే తుడవండి. ఒక్క రేణువు అడ్డుపడినా మూత సరిగా పట్టదు, ఆవిరి తప్పించుకుపోతుంది.

గాలి చొరకుండా మూసేసే ప్రత్యేక గొట్టాలు కూడా ఉన్నాయి. అవి అయితే 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. మిథనాల్‌లో వేసినవాటికి 14 రోజుల గడువు. ఏదైనా 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉంచాలి. కారు డిక్కీలో మధ్యాహ్నమంతా ఉండిపోయిన సీసాల రిపోర్టు నా దృష్టిలో చిత్తుకాగితం.

డబ్బు మిగులుతుందని నాలుగు చోట్ల మట్టిని ఒక బేసిన్‌లో కలిపి ఒకే శాంపిల్‌గా పంపే అలవాటు ఉంది. లోహాల పరీక్షకు కొన్నిసార్లు ఒప్పుకోవచ్చేమో. బెంజీన్‌కు మాత్రం అసలు కుదరదు. కలుపుతున్నప్పుడే అది ఎగిరిపోతుంది. పైగా ఒక చెడ్డ చోటు మూడు మంచి చోట్ల మధ్య పలచబడిపోతుంది.

చిన్న చిన్న జాగ్రత్తలు మరికొన్ని. ప్రతి శాంపిల్‌కూ కొత్త గ్లోవ్స్. యంత్రంలో డీజిల్ పోసిన చేతులతో సీసాలు ముట్టుకోవద్దు. లేబుల్ రాయడానికి వాడే కొన్ని మార్కర్ పెన్నుల సిరాలో టోలుయీన్, జైలీన్ ఉంటాయి, కాబట్టి మామూలు బాల్‌పెన్ను వాడండి. మట్టిలేని ఒక మిథనాల్ సీసా ల్యాబ్ నుంచి బయల్దేరి, మీ సీసాలతోపాటే ఐస్ పెట్టెలో తిరిగి ల్యాబ్‌కు వెళ్లాలి. దాంట్లో కూడా బెంజీన్ కనిపించిందంటే దారిలోనో ల్యాబ్‌లోనో అంటుకున్నట్టు. ఒకే చోట రెండు శాంపిళ్లు తీసి వేరు వేరు పేర్లతో పంపితే, రెండు అంకెల మధ్య తేడాను బట్టి మీ పని ఎంత నమ్మకంగా ఉందో మీకే తెలుస్తుంది. సీసా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి, ఏ సమయానికి మారిందో సంతకాలతో రాసే కాగితం ఒకటి వెంట ఉండాలి. ప్రతి చోటినీ ఫొటో తీయండి, గోతి బొమ్మ గీసి లోతులు రాయండి. స్థలం అమ్మేటప్పుడు ఎవరైనా ప్రశ్నిస్తే మీకు దన్నుగా నిలిచేది ఆ బొమ్మే.

గోతి దగ్గర అప్పటికప్పుడు చూసుకోవడానికి పీఐడీ అనే చేతిలో పట్టే మీటరు ఉంది. మట్టిని జిప్ సంచిలో సగం దాకా వేసి, మూసి, చిదిపి, పది నిమిషాలు ఎండ తగలని వెచ్చటి చోట ఉంచి, సంచిలో చేరిన ఆవిరిలోకి మీటరు కొస పెడతాం. లోపలి అతినీలలోహిత దీపం ఆవిరి అణువులను అయాన్లుగా విడగొట్టి, పుట్టిన కరెంటును అంకెగా చూపిస్తుంది. ఎక్కడ ఎక్కువ అంకె వస్తే అక్కడినుంచి ల్యాబ్ శాంపిల్. అంతవరకు ఇది చాలా మంచి పనిముట్టు. కానీ అది బెంజీన్‌నూ జైలీన్‌నూ వేరు చేసి చెప్పలేదు. తేమ ఎక్కువైతే తడబడుతుంది. డీజిల్‌కు ఆవిరి తక్కువ కనక డీజిల్‌తో తడిసిన మట్టి ముందు కూడా చిన్న అంకెతో సరిపెట్టుకుంటుంది. "మీటరు సున్నా చూపించింది, పూడ్చేశాం" అంటే, ఆ ట్యాంకులో ఉన్నది డీజిలైతే ఆ సున్నాకు అర్థం లేదు.

మీటరు లేనివాళ్లు ముక్కును వాడతారు. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడొద్దు. బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. అదీకాక ఓ పదిహేను నిమిషాలు అక్కడ నిలబడితే ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. కంటిని మాత్రం నమ్మొచ్చు, కొంతవరకు. ఇంధనం పట్టిన మట్టి చాలాసార్లు బూడిదరంగులోకో ఆకుపచ్చ ఛాయలోకో మారుతుంది. అక్కడి బ్యాక్టీరియా ఇంధనాన్ని తింటూ ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. ఆ తర్వాత ఆక్సిజన్‌కు బదులు మట్టిలోని ఇనుముతో నడిపించుకుంటుంది, దాంతో ఎరుపు పోతుంది. ఎప్పుడూ నీటిలో నానే బంకమట్టికి కూడా ఇదే రంగు ఉంటుంది కాబట్టి, రంగు చూసి శాంపిల్ తీయండి, తీర్పు చెప్పకండి.

ఇప్పుడు ల్యాబ్‌ను ఏం అడగాలి? ట్యాంకులో ఏముండేదో తెలిస్తేనే ఇది తేలుతుంది. ఇప్పుడున్నదే కాదు, మొదటినుంచీ ఏమేం ఉండేవో. పెట్రోలైతే బీటెక్స్, నాఫ్తలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు అనే టీపీహెచ్. పెట్రోల్‌లో కలిపిన ఎంటీబీఈ అనే రసాయనం గురించి కూడా అడగాలి. అది నీటిలో విపరీతంగా కరిగి, బెంజీన్‌కన్నా ముందు పరుగెడుతుంది. దానివల్లే 1996లో అమెరికాలోని శాంటా మోనికా నగరం తన తాగునీటి బావులు చాలావాటిని మూసేసుకోవాల్సి వచ్చింది. డీజిలైతే అందులో బెంజీన్ తక్కువ. బరువైన హైడ్రోకార్బన్లు, నాఫ్తలీన్, అదే కుటుంబానికి చెందిన, కార్బన్ వలయాలు అతుక్కుని ఉండే పీఏహెచ్ అనే ఇతర రసాయనాలు చూడాలి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసే ట్యాంకైతే కథ మారిపోతుంది. లోహాలు, క్లోరిన్ ఉన్న ద్రావకాలు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీ అనే విష రసాయనాలు కూడా అందులో కలిసి ఉండొచ్చు. పాత రోజుల్లో సీసం కలిపిన పెట్రోల్ ఉండేదా? ఉంటే సీసమూ, దానితోపాటు కలిపే ఇథిలీన్ డైబ్రోమైడూ అడగాలి. రోడ్డు వాహనాలకు సీసం పెట్రోల్‌ను ప్రపంచంలో చివరగా ఆపింది 2021లో, కాబట్టి ఇది మరీ తాతల నాటి సంగతేం కాదు.

టీపీహెచ్ ఒక్కటీ చేయించి సరిపెట్టుకుంటారు చాలామంది, చవక కనక. అది మొత్తం ఎంతుందో చెబుతుంది, అందులో విషం ఎంతో చెప్పదు. బెంజీన్ లెక్క చూడండి. పెట్రోల్‌లో అది ఒక శాతం ఉందనుకుందాం. లీటరుకు 10 మిల్లీలీటర్లు, బరువు దాదాపు 8.8 గ్రాములు. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. భాగించి చూడండి, ఒక్క లీటరు పెట్రోల్‌లోని బెంజీన్ 8,80,000 లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. అంతా నీటిలోకే పోదు, కొంత ఆవిరవుతుంది, కొంత బ్యాక్టీరియా తినేస్తుంది, నిజమే. అయినా దాన్ని విడిగా ఎందుకు కొలవాలో చెప్పడానికి ఈ లెక్క చాలు.

రిపోర్టు వచ్చింది. మొదట యూనిట్లు చూడండి. ఒక పేజీలో కిలోకు మిల్లీగ్రాములు, ఇంకో పేజీలో కిలోకు మైక్రోగ్రాములు ఉంటాయి. వెయ్యి రెట్ల తేడా. అంకె పొడిమట్టి లెక్కా, తడిమట్టి లెక్కా చూడండి. మట్టిలో 20 శాతం నీరుంటే, తడి లెక్కలో 80 అన్నది పొడి లెక్కలో 100 అవుతుంది. హద్దు 90 అయితే గెలుపు ఓటమి అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత "గుర్తించలేదు" అన్న మాట. చాలామంది దాన్ని చూసి రిపోర్టు మడిచి పెట్టేస్తారు. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, ఎంతకన్నా తక్కువైతే తాము చూడలేమో ల్యాబ్ చెప్పే అంకె. మట్టిలో ఇంధనం మరీ ఎక్కువగా ఉంటే యంత్రం పాడవకుండా శాంపిల్‌ను పలచన చేస్తారు. మామూలుగా 0.05 మిల్లీగ్రాముల దాకా చూడగల ల్యాబ్, 100 రెట్లు పలచన చేస్తే 5 మిల్లీగ్రాములకన్నా తక్కువున్నది చూడలేదు. మీ ప్రాంతంలో బెంజీన్ హద్దు అంతకన్నా తక్కువైతే, ఆ "గుర్తించలేదు" మీకు ఏమీ చెప్పనట్టే. విచిత్రం ఏమిటంటే, ఇలా అయ్యేది ఎక్కువగా పాడైన మట్టిలోనే. టీపీహెచ్ వేలల్లో ఉండి, బెంజీన్ "గుర్తించలేదు" అని ఉంటే ఫోన్ తీసి ల్యాబ్‌ను అడగండి, ఎంత పలచన చేశారని.

క్రొమాటోగ్రామ్ గ్రాఫ్ కూడా పంపమనండి, శాంపిల్‌లోని రసాయనాలను యంత్రం విడదీసి వరుస శిఖరాలుగా గీసే బొమ్మ అది. చాలావరకు అడిగితే ఇస్తారు, అడగకపోతే పంపరు. పెట్రోల్ శిఖరాలు గ్రాఫ్ మొదట్లో గుమిగూడి ఉంటాయి. కొత్త డీజిల్‌లో సమాన దూరాల్లో శిఖరాలు వరుసగా నిలుస్తాయి. పాతబడే కొద్దీ బ్యాక్టీరియా ముందు ఆ వరుసను తినేస్తుంది, కింద ఒక గుట్టలాంటి ఉబ్బు మిగులుతుంది. ఆకులు కుళ్లిన నల్లమట్టి కూడా డీజిల్ ఉండే చోటే కొంత అంకె చూపిస్తుంది, దాని ఆకారం వేరు. అంకె ఒకటే చూస్తే ఈ తేడాలేవీ తెలియవు.

పాడైందని తేలితే? అందినంత మేర తవ్వి, గోడలు మళ్లీ పరీక్షించడం ఒక దారి. పక్కన భవనం పునాది ఉంటే తవ్వలేరు, అప్పుడు భూగర్భజలాన్నీ, భవనంలోకి చేరే ఆవిరినీ గమనిస్తూ బ్యాక్టీరియాకు వదిలేయడమో, గాలి పంపి దానికి సాయం చేయడమో ఉంటుంది. దాని మీద ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: ట్యాంకును తీయకుండా లోపల ఇసుక నింపి అక్కడే వదిలేస్తే పరీక్ష అక్కర్లేదా?

అక్కడా కావాలండీ. ఇంకా కష్టం కూడా. గొయ్యి లేదు కనక కంటికి ఏమీ కనబడదు. ట్యాంకు పక్కన, వీలైనంత దగ్గరగా, దాని అడుగుకన్నా లోతుకు రంధ్రాలు వేసి తీయాలి. ముందు ట్యాంకు ఎటు పొడవుగా ఉందో, అడుగు ఎంత లోతులో ఉందో, పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోకుండా డ్రిల్ దింపొద్దు. తీయగలిగే పరిస్థితి ఉంటే తీసేయమనే నేను చెబుతాను.

ప్రశ్న: ఎన్నో ఏళ్ల కిందట ట్యాంకు తీసి పూడ్చేసిన స్థలం మేం కొన్నాం. ఇప్పుడు పరీక్షిస్తే ఏమైనా తెలుస్తుందా?

తెలుస్తుంది, కాకపోతే వెతికేది మారుతుంది. పైపొరల్లో బెంజీన్ చాలావరకు పోయి ఉంటుంది. నీటిమట్టం దగ్గరి పొరలో మిగిలి ఉండొచ్చు. బరువైన హైడ్రోకార్బన్లు ఎక్కువ కాలం ఉంటాయి. సీసం ఎప్పటికీ కుళ్లదు. పాత గోతి హద్దులు ముందు కనిపెట్టండి, నింపిన మట్టి వేరుగా ఉంటుంది. ఆ మట్టిలో తీసి ఊరుకోకుండా దాన్ని దాటి సహజ నేలలోకి దిగండి. ఆ మట్టి బయటినుంచి తెచ్చి పోసింది అయ్యుంటే, మీరు వేరెవరి స్థలాన్నో పరీక్షించినట్టు అవుతుంది.

ప్రశ్న: మా ట్యాంకుకు చిల్లు లేదు, పైపులూ బాగున్నాయి. అయినా గోతిలో ఇంధనం కనిపించింది. పక్క స్థలం నుంచి వచ్చి ఉండొచ్చా?

ఉండొచ్చు. గోతి గోడను పైనుంచి కిందికి చూడండి. పై మట్టి శుభ్రంగా ఉండి, నీటిమట్టం దగ్గర మాత్రమే ఇంధనం ఉంటే, అది నీటితోపాటు పక్కకు ప్రయాణించి వచ్చిందనడానికి బలం. పైనుంచి కిందిదాకా పట్టి ఉంటే అది మీదే, వాదించి లాభం లేదు. ఇంధనం రకం, వయసు సరిపోతున్నాయా అని క్రొమాటోగ్రామ్‌లు పోల్చండి. నీరు ఎటు పారుతోందో తెలియాలంటే ఒకే వరుసలో లేని మూడు బావులు వేసి నీటిమట్టాలు కొలవాలి. రెండింటితో వాలు దిశ తేలదు. మూడోది పక్కవాళ్ల స్థలంలో వేయాల్సి వస్తే, డ్రిల్ తెచ్చేముందే వాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి. బావి ఎవరిది, రిపోర్టు ఎవరెవరికి వెళ్తుంది అన్నది కూడా అదే కాగితంలో రాయించుకోండి.